పొల్లు పెట్టని కల

అత్వెల్లి
నవంబరు 10, 2024

చిమ్నీ,

నువ్వు పుట్టిననాడు మన ఇంటి దూలం మీద పిచ్చుక గూడు పెట్టింది. మా అమ్మ నిన్ను ఒళ్ళె ఏసుకొని, ఒక్కనాడే రెండు చిమ్నీలు వచ్చినయి అన్నది. మన మాటల పిచ్చుకను గట్లనే అంటం గద. నువ్వు ఢిల్లీల ఎంత పెద్ద ఆఫీసుల కూసున్నా నాకు చిమ్నీవే.

నా మీద కోపం ఉన్నదని ఎర్కే. ఫోను జేస్తే అమ్మీ ఎత్తదు అని మీ అబ్బాతోని అన్నవంట. ఏం జెయ్యాలె బేటా. ఫోను మోగితే నాకు ఆనాడు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఫోనే యాదికొస్తది. చెయ్యి లేస్తది, మళ్ళ పడిపోతది. కాయితం అయితే మోగది. గందుకే రాస్తున్న. నాలుగో తరగతి దాక సదివిన. మన ఊరి బడిల ఉర్దూ లేకుండె, గందుకే నాకు నోటికి ఉర్దూ, చేతికి తెలుగు. తప్పులుంటే నవ్వుకో. నువ్వు నవ్వితే మంచిదే.

మీ అబ్బా బాగున్నడు. తోట పోయినంక ఎవరివో జామకాయలు తెచ్చి రోడ్డు పక్కన అమ్ముతుండు. మన చెట్ల కాయలు ఎవరన్న తెస్తే ఒక్కటి చేతిల పట్టుకొని వాసన చూసి మళ్ళ గంపల పెడతడు.

మొన్న ఆశ కార్యకర్త సరళ వచ్చి మన గల్లీల అందరి చేతులకు పట్టి కట్టి బీపీ చూసింది. మీ అబ్బా కాడికి వస్తే, నాకు బీపీ లేదమ్మా, బీవీ ఉన్నది, ఆమెకు చూడు అన్నడు. సరళ నవ్వి నవ్వి పట్టి కింద పడేసింది. నాకు చూసినంక మాత్రం నవ్వు ఆపింది. మస్తు ఎక్కువ ఉన్నదంట. మూడు నెలల గోళీలు ఒక్క ప్యాకెటుల పెట్టి చేతికిచ్చింది. ఇగ దవాఖాన చుట్టు తిరుగుడు లేదు, గోళీలే ఇంటికొస్తయి, కొన్ని ఊర్లల్ల పెట్టి చూస్తున్నరు, ఢిల్లీల దీన్ని రాసినోళ్ళల్ల మీ నిఖత గూడ ఉన్నది గద అన్నది.

నువ్వు చేసిన పని నా గడప దాక వచ్చింది. ప్యాకెటు పట్టుకుంటే నీ చెయ్యి పట్టుకున్నట్టే ఉండె. గాని ఎంత ఆలస్యంగ వచ్చింది బేటా. నీ తమ్ముడు జాహిద పోయి మొన్న వానలకు ఏడాది దాటింది.

వాడు గోళీలు ప్యాకు చేసే ఫ్యాక్టరీల పని చేసిండు. చొక్కా పిండితే నీళ్ళు గూడ గోళీల వాసన వచ్చేటియి. నీకు బీపీ ఉన్నదని చెప్పిండ్రు గదరా, ఒక్క షీటు జేబుల ఏసుకుంటే ఎవడు చూస్తడు అంటే, హరాము అమ్మీ అన్నడు. సర్కారు దవాఖానకు పోతే కిటికీ కాడ ఒక్కటే మాట, గోళీలు అయిపోయినయి, కల ఆవో, రేపు రా అని. పోయినప్పుడల్లా షిఫ్టు పాయె. కొన్నాళ్ళు కొనుక్కున్నడు. నాకేమైంది, గుర్రం లెక్క ఉన్న అని ఇడిసిపెట్టిండు. వాళ్ళ రేపు ఎప్పటికీ రాదు అమ్మీ అని నవ్వేటోడు. ఆఖరికి మెదడుల నరం తెగింది. పెద్ద ఆస్పత్రి మన జామతోటను మొత్తం మింగింది గాని వాణ్ణి తిరిగి ఇయ్యలే.

ఇయ్యాల మబ్బుల, ఇంకా తెల్లారకముందే, కల పడ్డది. షామీరపేట చెరువు నిండ నీళ్ళు, నీళ్ళ మీద మంచు. ఒడ్డు మీద జింకలు తలకాయలు దించి నీళ్ళు తాగుతున్నయి. దుండిగలు విమానాలు చప్పుడు లేకుంట తూనీగల లెక్క తిరుగుతున్నయి. వాడు నీళ్ళ మీద నడుసుకుంట వస్తుండు. చెప్పులు మాత్రం చేతిల పట్టుకున్నడు, తడుస్తయని.

నాకు గోళీలు ఎందుకు బేటా. నువ్వు అడుగుతవని ముందే రాస్తున్న, ప్యాకెటు మంచి జాగల పెట్టిన.

నీ మీద చెయ్యి ఏసి దువా చేస్తున్న.
అమ్మీ

ఢిల్లీ
నవంబర్ 24, 2024

అమ్మీ,

సలాం. నీ ఉత్తరం ఆఫీస్ అడ్రస్‌కు వచ్చింది. నా పక్క సీట్ల తెలుగు చదివే అమ్మాయి కవర్ లోపలి మొదటి మాట చూసి, మీ అమ్మ నిన్ను పొగగొట్టం అని పిలుస్తదా అన్నది. పిచ్చుక అని చెప్పేసరికి అందరికీ తెలిసిపోయింది. ఇప్పుడు మా ఆఫీస్‌ల గూడ నేను చిమ్నీనే.

ఇంకో సంగతి. ఇంత పెద్ద ఉత్తరంల ఏ మాట ఆఖరున గూడ ఒక్క పొల్లు లేదు. నిఖత్‌ను నిఖత అన్నవు, జాహిద్‌ను జాహిద అన్నవు, కల్‌ను కల అన్నవు. చిన్నప్పుడు నువ్వు రాసిచ్చిన సామాన్ల చీటీలు గూడ ఇట్లనే ఉండేవి. దుకాణపాయన తిప్పలు పడేటోడు. నాకేం తిప్పలు లేవు. ఎక్కడ పొల్లు పడాల్నో నా కండ్లే పెట్టుకొని చదువుతయి.

నా పని ఏందని నువ్వెప్పుడూ అడగలే, నేనెప్పుడూ సక్కగ చెప్పలే. మన దేశంల నరం తెగినంక మనిషిని బతికియ్యనీకి ఇల్లు అమ్ముకుంటున్నరు, సర్కారు గూడ కుమ్మరిస్తుంది. ఆ నరం తెగకుండ ఆపే గోళి చాయ్ కన్నా సస్త. అది సమయానికి మనిషికి చేరుత లేదు. చేరేటట్టు చేస్తే ఖర్చూ తగ్గుతది, మనుషులూ మిగులుతరు. ఇంతే అమ్మీ, మా కాయితాలన్నిట్ల ఉన్నది ఇంతే. మూడు నెలలవి ఒక్కసారి ఇంటికే పంపుదాం, దవాఖాన కిటికీ కాడ కల్ అనే మాటే లేకుండ చేద్దాం అని నేను రాసిన. రాసేటప్పుడు నా చెవుల జాహిద్ గొంతే ఉండె. ఆ సంగతి ఈడ ఎవరికీ తెల్వదు.

నాకు గోళీలు ఎందుకు అని మాత్రం మళ్ళ రాయకు. కడుపు నిండ తిన్నంక రోజుకొకటి. మానొద్దు. ఏసుకుంటున్నవా లేదా, అదొక్కటి నాకు ప్రతి ఉత్తరంల రాయి. అబ్బాను అడిగితే అంతా ఖైరియత్ అంటడు. ఆయన ఖైరియత్ నేను నమ్మ.

చలి మొదలైంది. నువ్వు అల్లిన మఫ్లర్ బయటకు తీసిన.

నీ
నిఖత్

అత్వెల్లి
డిసెంబరు 15, 2024

చిమ్నీ,

పొల్లు గురించి రాసినవు. బడిల సారు గూడ గిందుకే నా చెవు మెలేసేటోడు. నేనేం జేసేది. పొల్లు పెడితే అక్షరం గొంతు పిసికినట్టు ఆగిపోతది. జాహిద అని రాస్తే ఇంకా ఏదో అననీకి నోరు తెరిచే ఉన్నట్టు ఉంటది. పొల్లు పెడితే అయిపోయింది, దుకాణం బంద అన్నట్టు ఉంటది. వాడు పోయినంక అయితే ఇగ అసలే పెట్టబుద్ధి కాదు. నీ కండ్లు పెట్టుకుంటయంటివి గద, పెట్టుకోనీ.

ఈడ గూడ చలి మస్తుగున్నది. మబ్బుల లేసి చూస్తే రోడ్డు కనపడదు, లారీల లైట్లు ఒక్కటే కనపడ్తయి. మంచుల నుంచి వచ్చి మంచులకే పోతయి, ఏ ఊరికి పోతయో. కొత్త కాలనీల ఆంధ్ర దిక్కు నుంచి వచ్చిన జానకీదేవమ్మ రోజు పొద్దున నడుసుకుంట వచ్చి జామకాయలు కొంటది. ప్రతి మాటకు అండి అంటది. బేరం ఆడేటప్పుడు గూడ అండి అనే అంటది. మీ అబ్బాకు తిట్టినా గౌరవంగనే ఇనపడ్తదంట. ఆమె పోయినంక నన్ను, చాయ పెట్టండి బేగం అంటడు.

మొన్న ఒక కల పడ్డది, చెప్తే నవ్వుతవు. మన తోట. అమ్మినంక కొన్నోళ్ళు చెట్లు కొట్టి ప్లాట్లు జేసిండ్రు గద. కలల అన్ని చెట్లు ఉన్నయి. గాని నేల మీద పాతుకొని లేవు. దవాఖాన ముంగట లైను కట్టి నిలబడ్డయి. ఒక్కో చెట్టు కొమ్మల నడుమ చీటి పట్టుకున్నది. ముసలి చెట్టు, నువ్వు ఊగే చెట్టు గద, దానికి నిలబడ చాతగాక పక్క చెట్టు మీద ఒరిగింది. కిటికీ తెరుచుకున్నది. ఎప్పుడున్న మనిషి లేడు. లోపట మన జాహిద కూసున్నడు. తెల్ల టోపీ, ఫ్యాక్టరీల పెట్టుకునేటిది. ఎవరినీ రేపు రమ్మంట లేడు. ఒక్కో చెట్టుకు దోసిట్ల పోసి పంపుతుండు. గోళీలు మల్లె మొగ్గల లెక్క ఉన్నయి. తీసుకున్న చెట్టు తీసుకున్నట్టే పోయి తన గుంతల తాను నిలబడుతాంది.

లేసేసరికి నా దోసిలి పట్టుకునే ఉన్న. మీ అబ్బా చూసి, ఎవరిని అడుక్కుంటున్నవు బేగం అన్నడు.

నువ్వు అడిగింది మరిచిపోలే. కల గోళి ఏసుకున్న. తియ్యగున్నది. నీళ్ళు గూడ అక్కర లేదు, నాలిక మీద పెడితే మంచు లెక్క కరిగిపోతది. ఏసుకున్ననాడు పానం మస్తు నిమ్మళంగ ఉంటది. ఇగ నా గురించి పరేషాన గాకు.

సరళ రెండో ప్యాకెటు గూడ ఇచ్చిపోయింది, మళ్ళ రానీకి ఆలస్యం అయితదేమో అని. దాన్ని గూడ మొదటిదాని పక్కనే పెట్టిన.

మఫ్లరు చెవులు మూసేటట్టు కట్టుకో.

నీకు, నువ్వు పని చేసే ఆఫీసు గోడలకు గూడ దువా.
అమ్మీ

ఢిల్లీ
జనవరి 22, 2025

అమ్మీ,

నీ ఉత్తరంల ఒక్క ముక్క ఈ చలికాలం మొత్తం నాకు స్వెట్టర్ లెక్క పని చేసింది. కల్ గోళి ఏసుకున్న అని రాసినవు. నేను ఎన్ని సార్లు చదువుకున్ననో. బీపీ గోళి తియ్యగుంటదని ఈ లోకంల నువ్వొక్కదానివే అంటవు. నా కడుపు సల్లబడాలని రాసినవు, నాకు తెలుసు.

ఇప్పుడు ఈడి సంగతి. మా కాయితం మీద పెద్ద పంచాయితీ నడుస్తుంది. మా పెద్ద సార్ చెడ్డోడు కాదు. కానీ ఆయనకు ఇచ్చిన పైసకు ఫలితం కనపడాలె. మన దిక్కు ఊర్ల నుంచి లెక్క వచ్చింది. చానామందికి బీపీ దిగింది. కొందరికి మాత్రం ప్యాకెట్లు అందినా అస్సలు దిగలే, అత్వెల్లిల గూడ ఉన్నరంట. పేర్లు మా దాక రావు. సార్ అన్నడు, ఇంటికి పంపితే జనం మూలకు పడేస్తరు, ఇది దండుగ, ఈ పైసలతోని ఇంకో పెద్దాస్పత్రి కట్టొచ్చు అని.

నాకు ఆగబుద్ధి కాలే. బ్యాగ్‌ల నీ ఉత్తరం ఉండె. లేసి నిలబడి, మా అమ్మ అత్వెల్లిలనే ఉంటది, నాలుగో తరగతి చదివింది, ఏం రాసిందో వినండి అని హిందీల చెప్పిన. కల్ గోలీ లీ, మీఠీ థీ. అందరూ నవ్విండ్రు, మంచిగనే నవ్విండ్రు. సార్ గూడ నవ్విండు. పడేసేటోళ్ళ గురించి మీరు చెప్పిండ్రు, ఏసుకునేటోళ్ళ గురించి నేను చెప్తున్న అన్న. ఆయన ఏదో రాసుకున్నడు.

మార్చిల పెద్ద మీటింగ్ ఉంది. దీన్ని దేశమంతా పెట్టాల్నా, ఈడికే ఆపాల్నా అనేది అప్పుడు తేలుతది. నువ్వు ఇట్లనే ఏసుకుంట ఉండు అమ్మీ. నా దిక్కు సాక్ష్యం నువ్వే.

అబ్బాకు చెప్పు, చాయ్ పెట్టండి బేగం అన్నందుకు నా దిక్కు నుంచి ఒక సలాం.

నీ
నిఖత్

అత్వెల్లి
ఫిబ్రవరి 16, 2025

చిమ్నీ,

నీ ఉత్తరం చదివి నాకు సిగ్గయింది. నా కల అంతమంది సార్ల ముంగట ఎందుకు చదివినవు? నిద్రల పడ్డవి అమ్మ బిడ్డకు రాసుకునేటియి. ఢిల్లీల మీటింగుల చదివేటియి కావు. గాని తర్వాత కూసొని ఆలోచన చేసిన. ఒక తల్లి కలల ఏం తిన్నదో ఇని నవ్వినోళ్ళు, రాసుకున్నోళ్ళు మంచోళ్ళే అయి ఉంటరు. ఇంత పెద్ద దేశం నడిపేటోళ్ళు కలలు గూడ అడుగుతరని నాకు ఎర్కలేకుండె. మీ పెద్ద సారుకు నా సలాం చెప్పు.

ఆ గోళి ఎట్ల ఉంటదో వాళ్ళకు సక్కగ చెప్పినవో లేదో. మళ్ళ రాస్తున్న. మబ్బుల, అజాను కంటే ముందు వస్తడు. ఒక్కోనాడు చెరువు మీద నుంచి వస్తడు, ఒక్కోనాడు కిటికీల కూసొని ఉంటడు. అరచేతిల పెడతడు, అమ్మీ ఏసుకో అంటడు. నేను ఏసుకుంట. గదే కల గోళి. రోజు రాడు. వచ్చిననాడు ఏసుకుంట.

సరళ ఇచ్చిన ప్యాకెట్లు జాహిద టిఫిను డబ్బల పెట్టిన. మంచి జాగ అంటి గద. మూత గట్టిగ పెడితే ఇంకా వాని వాసన పోదు. ఒక్కటి గూడ ఇప్పలే. నువ్వు తిట్టకు. వాడు రేపు రా, రేపు రా అని తిరిగి తిరిగి తెచ్చుకోలేని గోళి నా ఇంటికి నడిచొచ్చింది. నా కొడుక్కు దొరకనిది నా గొంతుల ఎట్ల దిగాలె? వాడు ఇచ్చేది ఏసుకుంటున్న గద. గది చాలదా?

షబె బరాతనాడు మీ అబ్బా పోయి వాని సమాధి మీద గడ్డి తీసి నీళ్ళు చల్లి వచ్చిండు. నేను గోడ అవతల నిలబడ్డ. అగరొత్తుల పొగ గోడ దాటి నా కాడికే వచ్చింది.

అటెనుక రోజు పగటీలి బండి కాడ కాయలు తుడుసుకుంట కూసున్న. ఉన్నట్టుండి ఎడమ చెయ్యి నాది కాకుంట అయింది. కాయ పట్టుకుంటే జారిపోయింది. మాట పలుకుదామంటే నాలిక మందమైంది. భయం గాలే బేటా. ఒళ్ళంత దూది లెక్క తేలిపోయింది, రోడ్డు మీది లారీలు చెరువు మీద పడవల లెక్క కనపడ్డయి. వాని దిక్కే పోతున్ననేమో అనుకున్న. మస్తు మంచిగుండె. కొంచెం సేపటికి చెయ్యి మళ్ళ వచ్చింది. మీ అబ్బా ముఖం చూస్తే తెల్ల కాయితం లెక్క ఉన్నది. సరళ ఉరికొచ్చి ఆటోల మేడ్చల దవాఖానకు తీసుకపోయింది. ఆడ సూది ఇచ్చి పండుకోబెట్టిండ్రు. సరళ పట్టి కట్టి చూసి, సుగ్రక్కా, నీ బీపీ నా స్కూటీ లెక్కనే ఉన్నది, ఎక్కుడే గాని దిగుడు లేదు, నేనిచ్చిన గోళీలు ఏసుకుంటున్నవా అసలు అన్నది. ఏసుకుంటున్న అన్న. అబద్ధం ఆడలే గద.

మీ అబ్బా నీకు చెప్పొద్దన్నడు. బిడ్డకు మీటింగు ఉన్నది అన్నడు. నేను మాత్రం నీ కాడ ఏది దాస్తి ఎప్పుడన్న?

నీ పని మంచిగ కావాలె. దువాలు.
అమ్మీ

ఢిల్లీ
ఫిబ్రవరి 25, 2025

అమ్మీ,

నీ ఉత్తరాలు అన్నీ ముంగట పరుచుకొని కూసున్న. కల గోళి ఏసుకున్న. నువ్వు రాసింది అదే. కల. ఎక్కడా పొల్లు లేదు. ఆ పొల్లు నువ్వు పెట్టలే, నేను పెట్టిన. కల్ అంటే ఉర్దూల రేపూ అయితది, నిన్నా అయితది గద, నేను నిన్న గోళి ఏసుకున్న అని చదువుకున్న. ఉర్దూ నోరు, తెలుగు చెయ్యి ఉన్న మన ఇంట్లనే ఇట్లాంటిది అయితది.

నువ్వు కలల తిన్న గోళిని నేను ఢిల్లీల సాక్ష్యం పెట్టిన. నీ ప్యాకెట్లు డబ్బల ఉన్నయి. దిగని బీపీలల్ల నీది గూడ ఉన్నది. దండుగ అని సార్ అన్నది నిన్ను గూడ కలిపే అన్నడు అమ్మీ, ఆయనకు తెల్వదు, నాకు తెల్వదు.

అబ్బాకు ఫోన్ చేసిన. ఖైరియత్ అనబోయి ఏడ్చిండు.

పొద్దున సార్ రూంకు పోయి అంతా చెప్పిన. నేను చదివి వినిపించింది తప్పు అని చెప్పిన. నవ్వుతడనుకున్న. నవ్వలే. ఎందుకు ఏసుకోలేదు మీ అమ్మ అని అడిగిండు. తమ్ముని గురించి చెప్పిన. మొదటిసారి ఈ ఆఫీస్‌ల వాని పేరు పలికిన. ఆయన పెన్ను మూత తీసిండు. తర్వాత, గోళీలు ఇచ్చినంక మళ్ళ ఆ ఇంటికి పోయి, కూసొని మాట్లాడాల్సింది ఎవరు అని అడిగిండు. మా కాయితంల ఆ మనిషి లేదు. సరళ ఉన్నది గాని, ఇచ్చి ఉరుకుడే ఆమె పని అని మేమే రాసినం. ఇప్పుడు ఆ మనిషిని రాస్తున్నం. మీటింగ్‌ల ఒప్పుకుంటరో, మొత్తమే ఆపేస్తరో తెల్వదు. సెలవు అడిగిన, మీటింగ్ అయినంక ఈద్‌కు ఇంటికొస్త.

ఇంకొకటి. ఇది నీకు రాయొద్దనుకున్న. నువ్వు నా కాడ ఏదీ దాయవు గద, నేను గూడ దాయ. నెల కింద మా ఆఫీస్‌ల అందరికీ బీపీ చూసిండ్రు. నాకు గూడ ఉన్నది అమ్మీ. జాహిద్‌కు ఉన్నట్టే. డాక్టర్ గోళీలు రాసిండు, తెచ్చుకున్న. షీటు వెనక చూస్తే చేసిన జాగ మన దిక్కుదే ఉన్నది. వాడు నిలబడ్డ బెల్టు మీద నుంచే వచ్చిందేమో, వాడు లేకుండ. ఇప్పబుద్ధి కాలే. టేబుల్ మీదనే ఉన్నది. తిన్నంక ఏసుకోవాలంట. ఈమధ్య తినబుద్ధి గూడ అయిత లేదు.

నువ్వు చేసిందే నేను చేస్తున్న. నిన్ను ఎట్ల తిట్టాలె?

నువ్వు ఏసుకో. కలల కాదు. ఏసుకొని, పొల్లు పెట్టి రాయి. ఆ పొల్లు చూసిననాడు నేను గూడ షీటు ఇప్పుత.

నీ చిమ్నీ

అత్వెల్లి
మార్చి 8, 2025

చిమ్నీ,

నీకు బీపీ ఉండి, షీటు ముంగట పెట్టుకొని నెల రోజులు కూసున్నవా? సదువుకున్నదానివి, ఊరందరికి గోళీలు పంపేదానివి. నువ్వు ఎదురుంగ ఉంటే చెవు మెలేసేదాన్ని, మా సారు లెక్క.

నీ ఉత్తరం బండి కాడ చదివిన. చదివి ఊకె కూసున్న. జానకీదేవమ్మ వచ్చి, ఒంట్లో బాగోలేదా అండి అన్నది. నేను పెద్ద కాయ ఒకటి ఏరి ఆమె చేతిల పెట్టిన. ఆమె పక్కన స్టూలు మీద కూసున్నది. మీ సారు అడిగిన మనిషి గిసొంటిదే అయి ఉంటది.

తెల్లారి మబ్బుల జాహిద రాలే. మర్నాడు గూడ రాలే. వాని మీద నాకు కోపం వచ్చింది. అక్కకు గూడ ఇదే రోగం అని నాకు ఎందుకు చెప్పలేదురా అని చెరువు దిక్కు చూసి అడుగుదామనుకున్న. అప్పుడు నా మనసుకు తట్టింది. వాడు నాకు ఒక్కదానికే తెస్తుండె. ఢిల్లీ దాక వాడు నడవలేడు. నీ నోట్ల గోళి పడాలంటే నేనే ముందు ఏసుకోవాలె.

రంజాను నడుస్తాంది గద. సరళను అడిగితే ఇఫ్తారు తిన్నంక ఏసుకో అన్నది. ఖజూరు తిన్న. దాల తోని అన్నం తిన్న. వాడు పోయినంక పళ్ళెంల మొత్తం మిగలకుంట తిన్నది గిప్పుడే. మీ అబ్బా చూస్తుండు గాని చూడనట్టు అటు తిరిగి రేపటి కాయలు గంపల సర్దుతుండు, సర్దినయే మళ్ళ సర్దుతుండు. నేను టిఫిను డబ్బ తెచ్చి మూత తీసిన. వాసన బయటకొచ్చింది. ఇల్లంత ఒక్కసారి వాడే ఉన్నడు. తర్వాత లేడు. పోనీ అనుకున్న.

గోళి చేదుగున్నది బేటా. కల గోళి తియ్యగుండె, గిది చేదు. గొంతుల కొంచెం సేపు ఆగింది, నీళ్ళు తాగితే దిగింది. మీ అబ్బా, దిగిందా అన్నడు. దిగింది అన్న. నాకు గూడ ఒకసారి చూపించుకోవాలె, బీవీకి ఉన్నంక బీపీకి ఎంత సేపు అన్నడు. ఆయనకు చూడనీకి రేపు సరళ వస్తది.

మళ్ళ ఇయ్యాల మబ్బుల వచ్చిండు. చెరువు మీద నుంచి కాదు. మామూలుగ, షిఫ్టు అయినంక వచ్చినట్టు, తలుపు నూకి. చెప్పులు గడప కాడ ఇడిసిండు. నేను అరచెయ్యి చాపిన, అలవాటు గద. వాని చేతులు ఖాళీగ ఉన్నయి. రెండు చేతులు తిప్పి చూపెట్టి నవ్విండు. నా కాడ అయిపోయినయి అమ్మీ, ఆకలైతాంది, ఏమన్న పెట్టు అన్నడు. ఎన్నడూ అన్నం అడగలే వాడు కలల. చేతులు నిండ ఉంటే ఎట్ల తింటడు? పెట్టిన. మస్తు తిన్నడు.

పొల్లు ఎట్ల పెట్టాల్నో మరిచిపోయిన. పొద్దున గల్లీల కనపడిన సరళను అడిగితే నా అరచేతిల ఏలుతోని గీసి చూపెట్టింది. మొదలు దుకాణం చీటి వెనక రాసి చూసుకున్న. ఇగ చూడు.

కల్ గోళి ఏసుకున్న.

నిన్న అన్నట్టు. రేపు గూడ గట్లనే రాస్త. జాహిద పేరుకు మాత్రం పెట్ట, నన్ను అడగకు. నీ పేరుకు గూడ పెట్ట.

మీ మీటింగుల ఏం అన్నా సరే. ఈదుకు నువ్వు రా. టేబులు మీద షీటు ఇప్పు. దానికంటె ముందు పొయ్యి ముట్టియ్యి, అన్నం వండుకో. మంచిగ తిను బేటా.

అమ్మీ